పి.ఆర్. బుట్ట

“ఇన్నేళ్ళూ ఆఫీసోళ్ళ కాయలు తిని, మా నాన్న పంపాడని మురిసిపోయిందటమ్మా పంతులమ్మ! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళని చూశాను గానీ, కాయల పేరు చెప్పుకుని నాన్నని సంపాదించుకున్నదాన్ని ఈవిణ్ణే చూడటం” అని పక్కింటి తులసమ్మ అన్నదట.

అన్నది పంపు దగ్గర. విన్నది నలుగురే. కానీ ఆ నలుగురూ నాలుగు వీధుల వాళ్ళు. బిందెలు ఇళ్ళకు చేరకముందే మాట చేరిపోయింది. పాలు పోయించుకోవడానికి వెళ్ళిన పుష్పావతి దాన్ని చెంబుతో పాటు ఇంటికి మోసుకొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడే ఆడపడుచు ముందు దించేసింది.

“మొహం వాచేట్టు చీవాట్లు పెట్టొచ్చాను వదినా. మీరేం మనసులో పెట్టుకోకండి.”

చీవాట్లేమీ పెట్టి ఉండదని ప్రమీలారాణికి తెలుసు. పుష్పావతి మంచి మనిషే. కాకపోతే ఎవరేం చెప్పినా ఆసాంతం విన్నాక గానీ కోపం తెచ్చుకోదు.

తులసమ్మకు ఎలా తెలిసిందంటే, నిన్న మధ్యాహ్నం తోటలో అక్కాతమ్ముడూ మాట్లాడుకుంటున్నప్పుడు దడి అవతల తులసమ్మ గేదె మేస్తోంది. గేదె ఉన్నచోట తులసమ్మ ఉంటుంది.

కిందటి వారం భాగంలో ప్రమీలారాణిని మనం ఆ తోటపాకలోనే, చేతిలో దబ్బనం, ఒళ్ళో గోనెపట్టాతో వదిలి వచ్చాం. “నాన్న ఏటా నాకు పంపే బుట్ట ఈసారి నేనే కుట్టుకుంటానురా” అని ఆవిడ అనడం, తమ్ముడు లక్ష్మీనరసింహారావు పకపకా నవ్వడం, “నీకా? అది పంచాయతీరాజ్ ఆఫీసుకక్కా! పి.ఆర్. అంటే నువ్వనుకున్నావా?” అనడం, ఆ నవ్వు సగంలో అక్క మొహం చూసి ఆపుకోవడం, అంతవరకూ చూశాం.

నవ్వు ఆపుకున్నాడు గానీ మాట వెనక్కి పోలేదు.

ఆ బుట్ట ఏమిటో, ఆవిడకు అది ఎంతో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఒక ఏడు తండ్రి బసవపున్నారావు పూతమీదే మామిడితోట అమ్మాడు. రెడ్డిగూడెం షావుకారు, ఆయనా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం తెంపుకున్నారు. “గాలొచ్చి రాలితే నష్టం నాదేలే” అని పున్నారావు నోటితోనే అన్నాడు. మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళిన ప్రమీలారాణి చెవులతోనే విన్నది. వైశాఖంలో గాలి లేచి సగం కాయ నేలపాలయింది. నేనలా అననే లేదన్నాడు పున్నారావు. పెద్దమనుషులు అమ్మాయిని పిలిచి అడిగారు. ఆ పిల్ల అప్పుడే బి.ఇడి. ముగించి వచ్చింది. అబద్ధం ఎలా ఆడాలో ఆ చదువులో చెప్పలేదు. “అన్నాడండీ” అంది.

“నలుగురిలో నన్ను నుంచోబెట్టావు” అన్నాడు తండ్రి. కూతురితో ఆయన ఆడిన ఆఖరి మాట అదే. ఆ ఏడే ఆమెకు చింతలపూడి హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయింది. పెళ్ళి సంబంధాలు చూడాల్సిన మనిషి చూడలేదు. ఆమె అడగలేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

గడిచిన ఏళ్ళలో ఏటా ఒకసారి మాత్రం మధ్యాహ్నం బస్సు మీద ఒక బుట్ట వచ్చేది. వరిగడ్డిలో పేర్చిన కాయలు, మూతికి గోనెపట్టా, పట్టా మీద నీలిమందుతో తండ్రి చేతిరాత. ఇంగ్లీషులో పి.ఆర్. అని రెండక్షరాలు, కింద తెలుగులో చింతలపూడి. ఆవిడ అద్దెగదిలో ఆ కాయలు మగ్గుతున్నన్నాళ్ళూ ఇంటికి ఎవరో వచ్చి ఉన్నట్టు ఉండేది. బడినుంచి వచ్చి తాళం తీయగానే వాసన ఎదురొచ్చేది. టెంకలు కూడా వెంటనే పారేసేది కాదు.

ఆ బుట్ట ధైర్యంతోనే ఆవిడ ఈ వేసవికి ఇంటికి వచ్చింది. పోయిన చలికాలంలో తండ్రి పోయాక తమ్ముడు, “చాట్రాయి బడిలో ఖాళీ ఉందటక్కా, బదిలీ చేయించుకుని ఇంటికొచ్చెయ్” అన్నాడు. రానా వద్దా అని ఊగిసలాడి, నాన్నకు కోపం లేదు, ఉంటే కాయలెందుకు పంపుతాడు, అని తనకు తాను చెప్పుకుని వచ్చింది. ఆ గడప తొక్కడానికి ఆవిడ దగ్గరున్న అనుమతి అదొక్కటే. ఇప్పుడు అదీ ఆఫీసువాళ్ళదని తేలితే, మధ్యాహ్నం బస్సెక్కి చింతలపూడి వెళ్ళిపోవడం తప్ప ఇంకేం మిగలదు.

పుష్పావతి ఇచ్చిన కాఫీ తాగకుండానే ప్రమీలారాణి తోటకు నడిచింది.

డొంకలో అడుగు పెట్టగానే మొదటి రాయి ఎదురైంది. ఎప్పుడో సర్వేకి వచ్చినవాళ్ళు పాతి వెళ్ళిన రాయి. దాని మీద పి.ఆర్. అని చెక్కి ఉంది. ఆ డొంక తోటల మధ్యనుంచి పోయి, జిల్లా సరిహద్దు దాటి చింతలపూడి రోడ్డులో కలుస్తుంది. దాన్ని కంకర రోడ్డు చేయిస్తే కాయల బండ్లు విరగవని పున్నారావు తాపత్రయం. అవతలి సగం చింతలపూడి పంచాయతీరాజ్ ఆఫీసు చేతిలో ఉంది. ఎవరూ ఏమీ అడగకపోయినా, పెద్దింటి మర్యాదకు ఒక బుట్ట పంపితే మన మొహం గుర్తుంటుందని ఆయన ఆలోచన. ఇదంతా నిన్న తమ్ముడు చెప్పాడు. రోడ్డు పడలేదు. రాయి మాత్రం పడింది.

పాకలో యలమంద గంపలు బారుగా పెట్టి, కుంచెతో గుర్తులు వేస్తున్నాడు. పున్నారావు హయాం నుంచీ ఆ తోట కాపలా అతనిదే. సగం గంపల మీద అవే రెండక్షరాలు.

“ఇదేంటి యలమందా?”

“పెద్దరసాలండీ అమ్మాయిగారూ. పి.ఆర్. అంటే పెద్దరసం. సి.ఆర్. అంటే చిన్నరసం. బంగినపల్లికి బి చాలు. దానికి వేరే ఎవరూ పోటీ లేరు.”

“మరి నాకు?”

“మీకెందుకండీ గుర్తులు? మీరు తప్పిపోతారా ఏంటి” అని నవ్వాడు యలమంద. నవ్వి, ఏదో తప్పు మాట అన్నానేమోనని కుంచె డబ్బాలో పెట్టి తల గోక్కున్నాడు.

ప్రమీలారాణి తిరగేసిన గంప మీద కూర్చుంది. పాకలో వాసానికి తండ్రి పొగాకు డబ్బా వేలాడుతోంది. దాని మూత మీద కూడా చుక్కలు చుక్కలుగా పి.ఆర్. అని కొట్టించి ఉంది. ఊళ్ళో ఆయన్ని అందరూ పున్నారావు అనే పిలిచేవారు మరి. ఎటు చూసినా తన పేరే ఉన్నట్టు, దేంట్లోనూ తను లేనట్టు అనిపించింది.

ఇంకోచోట కూడా చూసింది ఆ అక్షరాలు. తండ్రిని పెట్టిన ఆస్పత్రిలో, మంచం కాళ్ళవైపు వేలాడదీసిన చీటీ మీద. కబురు అందుకుని ఆవిడ పరుగెత్తుకెళ్ళేసరికే ఆయనకు స్పృహ లేదు. మాట్లాడటానికి ఏమీ లేక ఆ చీటీనే చూస్తూ నిలబడింది. పి.ఆర్. అని, పక్కన అంకెలు. పూటపూటకీ తగ్గుతున్న అంకెలు. నర్సును అడిగితే “నాడి అండీ, పల్స్ రేటు” అంది. అది తెలిసేలోపల, ఒక్క క్షణం, ఆయన తన గురించి ఏదో రాయించాడని ఆశ పడింది. అంత వెర్రి ఆశ ఎవరికీ చెప్పుకోలేం. చెప్పుకోవడానికి ఆవిడకు ఎవరూ లేరు కూడా.

“రాయప్పని పిలుచుకురా యలమందా. నేను రమ్మన్నానని చెప్పు.”

చిన్నరాయప్ప ఆ ఊరివాడే. చింతలపూడి బస్సు మీద కండక్టరుగా చేసి, పోయినేడు కాయల కాలం అయ్యాక దిగిపోయాడు. ఏటా ఆ బుట్ట దించి ఆవిడ చేతికిచ్చింది అతనే.

యలమంద అటు వెళ్ళాడో లేదో ఇటు లక్ష్మీనరసింహారావు వచ్చాడు. లావుపాటి మనిషి. ఎండకు రొప్పుతూ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“రాయప్ప దేనికక్కా ఇప్పుడు?”

“బుట్ట నాకెందుకిచ్చాడో అడగాలి.”

“ఎందుకేముంది! అక్షరాలు చూశాడు, నిన్ను చూశాడు, ఇచ్చేశాడు. ఆఫీసు జవాను రాకపోయుంటాడు. కాయలు కుళ్ళిపోతాయని నీకిచ్చుంటాడు. పోనీలే, తిన్నది మనమే గదా. ఇంజనీరు తింటే ఏం, నువ్వు తింటే ఏం?”

“ఒక ఏడు పొరపాటంటే సరే. ఏటా పొరపాటేనా?”

“బస్సోళ్ళకి ఒకసారి అలవాటైతే అంతేనక్కా. మన గంగిరెద్దులాయన ఒకసారి ధాన్యం పెట్టిన గుమ్మానికి జన్మంతా వస్తాడు చూడు.”

ఆవిడ నవ్వలేదు. తమ్ముడు పక్కన గంప లాక్కుని కూర్చోబోయాడు. అది కిర్రుమంది. లేచి నిలబడ్డాడు.

“పోయినాయన సంగతులు తవ్వుకుంటే ఏమొస్తుందక్కా? నేను రమ్మన్నాను. నీ ఇల్లు. నువ్వుండు. నాన్న పంపితేనే ఉంటానంటే ఎట్లా?”

“నువ్వు రమ్మన్నావు. ఇల్లు ఆయనది.”

“ఆయన లేడు గదా!”

“లేడనే గదరా అడుగుతున్నాను. ఉంటే ఆయన్నే అడిగేదాన్ని.”

నిజానికి ఉన్నప్పుడూ అడగలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తమ్ముడు ఆ మాట అనకుండా మింగేశాడు. అతనిలో అదొక మంచితనం.

అంతలో యలమంద వెంట సైకిలు నడిపించుకుంటూ చిన్నరాయప్ప వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో వెండి సిలువ, పాత అలవాటుకొద్దీ చెవి మీద పెన్సిలు. వెనకాలే, పాలచెంబు ఇంట్లో పెట్టి పుష్పావతి కూడా వచ్చేసింది. కాఫీ ఫ్లాస్కు వంక. అసలు సంగతి ఫ్లాస్కులో లేదని అందరికీ తెలుసు.

“దండాలమ్మాయిగారూ. తులసమ్మ కూసిన కూతలు విన్నాను. ఆ మడిసి నోటికి ఒక తాళం, ఆ గేదెకు ఒక తాడు…”

“తులసమ్మ సంగతి వదిలెయ్యండి రాయప్పగారూ. బుట్ట సంగతి చెప్పండి. అది ఎవరికి?”

రాయప్ప సైకిలు స్టాండు వేశాడు.

“మొదటేడు ఆఫీసుకేనండి.”

ప్రమీలారాణి తల ఊపింది. క్లాసులో పిల్లవాడి జవాబు విన్నట్టే ఊపింది.

“జవాను వచ్చి తీసుకుంటాడు అన్నారు పెద్దాయన. ఎవుడూ రాలేదు. మీరు స్టాండులో ఉన్నారు. అసలు మీరు శనివారం శనివారం ఉండేవోరు గదండీ. బస్సు దిగేవోళ్ళ మొహాలన్నీ చూసి, ఆఖరోడు దిగాక ఎల్లిపోయేవోరు. నేను టిక్కెట్ల పెట్టె సర్దుకుంటా చూసేవోణ్ణి.”

పుష్పావతి చప్పున వదిన వంక చూసింది. ప్రమీలారాణి చెవులు ఎర్రబడ్డాయి. బస్టాండు పక్క కొట్లో చాక్‌పీసులు కొనడానికి వెళ్ళేదాన్నని ఆవిడ తనకు తాను చెప్పుకునేది. అన్ని శనివారాలకు సరిపడా చాక్‌పీసులు ఏ బడికీ అక్కర్లేదు.

“అక్షరాలు మీకూ సరిపోతన్నాయి. ఊరి పిల్ల, ఒంటరిగా నిలబడుంది, ఇస్తే ఏం పోయింది అనుకున్నా. మీ నాన్నగారు పంపారండీ అని ఇచ్చేశా. మీరు ఆ బుట్ట పట్టుకున్న తీరు చూశాక, ఇది మీది కాదని చెప్పడానికి నోరు రాలేదండి.”

“అయితే ప్రతి ఏడూ ఆఫీసు బుట్టే నాకిచ్చారన్నమాట.”

“ఆగండి. కండక్టరు మాట మజ్జిలో దిగితే ఎట్టా?” రాయప్ప తువ్వాలు తీసి గంప దులిపి కూర్చున్నాడు. “మర్నాడు పొద్దున్నే వొచ్చి పెద్దాయనకి చెప్పేశా. తప్పైపోయిందండీ, బుట్ట ప్రమీలమ్మ చేతికెళ్ళింది అని. తిడతాడనుకున్నా. ఇక్కడే కూచుని చుట్ట చుట్టుకుంటున్నాడు. చుట్టింది విప్పి మళ్ళీ చుట్టాడు. ‘కాయలు బాగున్నాయా’ అన్నాడు. నేను తిన్లేదండీ, ఆవిడ తిన్నది అన్నా. ‘అదేలే’ అన్నాడు.”

రాయప్ప చెవి మీద పెన్సిలు సర్దుకున్నాడు.

“మరుసటేడు బుట్ట యలమందతో పంపలేదు. తనే మోసుకుని రోడ్డు మీదకొచ్చాడు. అవే అక్షరాలు. నాకు భయమేసి అడిగా, ఎవరికియ్యమంటారండీ అని. ‘పోయినేడు ఎవరికిచ్చావు?’ అన్నాడు. అమ్మాయిగారికండీ అన్నా. ‘మరి అడుగుతావేంట్రా, కొత్తగా ఉజ్జోగంలో చేరావా’ అని కసిరాడు. అదండీ సంగతి. ఆ తర్వాత ఏ ఏడూ నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఇంజనీరుగారికి ఒక్క కాయ కూడా ఎల్లలేదు.”

“ఒక్క కాయ కూడానా!” లక్ష్మీనరసింహారావు నోరు తెరిచాడు. “నాకు ఆఫీసుకనే చెప్పాడు గదయ్యా ఏటా! ఈసారి రోడ్డు ఖాయం రా అనేవాడు గూడా!”

“మరేం చెప్తాడు బాబూ? నలుగురిలో నిలబెట్టిన కూతురికి కాయలు మోస్తన్నానని చెప్తాడా? ఊళ్ళో మీసం ఉండొద్దా?”

“అంటే ఆ డొంకలో మన బండ్ల ఇరుసులు విరిగిందంతా…”

“ఊరుకోండి మీరు! ఇరుసులంట, ఇరుసులు!” పుష్పావతి మొగుణ్ణి కసిరింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. “చూశారా వదినా, మావయ్యగారి మనసు! పైకి బండరాయిలా ఉండేవారు గానీ… అప్పుడే తెలిసీ ఏటా మీకే పంపారు! ఇప్పుడు పోయి ఆ తులసమ్మ మొహాన కొట్టొస్తాను ఈ మాట. మీరు ఇక్కడే ఉంటున్నారు వదినా, ఇంక మాట్లాడకండి. మావయ్యగారే మీకు చోటిచ్చారు.”

లక్ష్మీనరసింహారావు కూడా గొంతు సవరించుకున్నాడు. మొహం తేటపడింది. “చూశావా మరి. నేను చెప్పలా, నీ ఇల్లని!”

యలమంద కుంచె అందుకుని నవ్వుమొహంతో మరో గంప ముందుకు లాక్కున్నాడు. అందరికీ తేలికైపోయింది. ఒక్క ప్రమీలారాణి మొహంలో మాత్రం నవ్వూ లేదు, ఏడుపూ లేదు. తప్పుల్లేని లెక్క చేతికొచ్చినా ఇంకా ఏదో చూస్తున్న టీచరులాగా, కళ్ళు చిన్నవి చేసి రాయప్పనే చూస్తోంది.

“రోడ్డుదాకా ఆయనే మోసుకొచ్చేవాడన్నారు.”

“అవునండి. నడుం పట్టేసినా సరే, ఆయనే.”

“మధ్యాహ్నం బస్సు కిటకిటలాడేదా?”

“ఎక్కడిదండీ! ఆ ఎండలో ఎవురెక్కుతారు. సగానికి సగం సీట్లు ఖాళీ. ఒక్క ఏడు మాత్రం…”

లక్ష్మీనరసింహారావు గట్టిగా దగ్గాడు. రాయప్ప మాట ఆపి, చెవి మీది పెన్సిలు తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలో తిప్పాడు.

“ఇంకేం అడుగుతారు వదినా?” పుష్పావతి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. “ఎవరికని పంపారో తేలిపోయింది గదా. ఆ పెద్దాయన ప్రేమ అంతా ఆ బుట్టలో పెట్టి పంపారు. అంతకన్నా ఏం కావాలి చెప్పండి?”

ప్రమీలారాణి మరదలి చేతిని మెల్లగా తీసి, కిందికి దించింది.

“బుట్టనెక్కించిన బస్సు తను ఎందుకెక్కలేదు?”

యలమంద కుంచె గంప మీదే ఆగిపోయింది. రాయప్ప లక్ష్మీనరసింహారావు వంక చూశాడు. అతను చూపు నేలకు దించేశాడు.